న్యూ ఓర్లీన్స్‌లో ఒక్క రోజే ఉంటే: బోర్బన్ స్ట్రీటా, పాత హోటల్ బార్లా?

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద ఐదారు గంటలు నడిపితే న్యూ ఓర్లీన్స్ వచ్చేస్తుంది కాబట్టి, టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు లాంగ్ వీకెండ్ దొరికితే ఎప్పుడో ఒకసారి అటు బయల్దేరతారు. వెళ్లినవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. సాయంత్రం బోర్బన్ స్ట్రీట్‌లో దిగడం, చేతిలో ప్లాస్టిక్ గ్లాసుతో ఆ చివర నుంచి ఈ చివరకి తిరగడం, పొద్దున తల పట్టుకుని లేవడం. ఆ తర్వాత "అబ్బే, అంత లేదండీ" అనడం. వీళ్లు ఒక్క వీధి చూసి ఊరంతా చూశామనుకుంటున్నారని నా గట్టి అనుమానం, ఎందుకంటే ఆ వీధికి ఒక్క బ్లాకు పక్కన రాయల్ స్ట్రీట్ ఉంటుంది, అక్కడి కథే వేరు.

నా ఓటు ముందే చెప్పేస్తా: పాత బార్లకే. కానీ బోర్బన్‌ని తీసిపారేయడం కూడా కరెక్ట్ కాదు.

బోర్బన్ స్ట్రీట్ దగ్గర ఉన్న పెద్ద ప్లస్ ఏంటంటే స్వేచ్ఛ. ఈ ఊళ్లో మందు చేత్తో పట్టుకుని వీధిలో నడవచ్చు, గాజు గ్లాసు కాకుండా ప్లాస్టిక్‌ది అయితే చాలు. బారు వాళ్లే అడిగి మరీ 'గో కప్'లో పోసి ఇస్తారు. అమెరికాలో చాలా ఊళ్లలో ఇదే పని చేస్తే పోలీసు ఆపుతాడు. డ్రెస్సు గురించి, రిజర్వేషన్ గురించి టెన్షన్ లేదు, పదిమంది గ్యాంగ్‌తో వెళ్లినా ఎవరూ మొహం చిట్లించరు, రాత్రి పదయ్యేసరికి అదొక తిరునాళ్ల. బ్యాచిలర్ పార్టీ అయితే ఇంకేం ఆలోచించకుండా అక్కడికే వెళ్లండి, పాత హోటల్ బార్లో పదిమంది అరుస్తూ కూర్చుంటే మీకూ బాగుండదు, పక్కవాళ్లకీ బాగుండదు.

గొడవంతా మందు దగ్గరే. ఆ పక్క వీధిలో ఉన్న ప్యాట్ ఓబ్రయన్స్ వాళ్ల హరికేన్ తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విస్కీకి కరువొచ్చి, రమ్ము మాత్రం గుట్టలుగా వచ్చిపడుతుంటే, దాన్ని వదిలించుకోవడానికి పుట్టిన డ్రింక్ అది. హరికేన్ లాంతరు చిమ్నీ ఆకారంలో ఉండే గ్లాసు వల్ల ఆ పేరు వచ్చింది. పాత రెసిపీ ప్రకారం ఒక్క గ్లాసులో నాలుగు ఔన్సుల రమ్ము, అంటే దాదాపు 120 మిల్లీలీటర్లు, మన లెక్కలో రెండు లార్జ్ పెగ్గులు! ఎర్రగా, తియ్యగా, ప్యాషన్ ఫ్రూట్ రసంలా గొంతులోకి దిగిపోతుంది, ఎక్కిందని తెలిసేలోపు రెండోది చేతిలో ఉంటుంది. ట్రాపికల్ ఐల్ వాళ్ల ఆకుపచ్చ హ్యాండ్ గ్రెనేడ్ కూడా అంతే, బాంబు ఆకారంలో గ్లాసు, ఫొటోకి బాగుంటుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు. ఆ వీధిలో నాకు నిజంగా నచ్చేది లఫీట్స్ బ్లాక్‌స్మిత్ షాప్ ఒక్కటే. 1700ల నాటి ఇటుకల కట్టడం, చీకటి పడ్డాక లోపల ఎక్కువగా కొవ్వొత్తుల వెలుతురే, పైగా సెయింట్ ఫిలిప్ మూల దాకా నడిచేసరికి గోల సగం తగ్గుతుంది.

ఇక రాయల్ స్ట్రీట్ వైపు. మాంటెలియోన్ హోటల్లో క్యారౌసెల్ బార్ ఉంది, పేరుకు తగ్గట్టే నిజంగా రంగులరాట్నం. 1949 నుంచి తిరుగుతోంది, 25 సీట్లు, ఒక చుట్టు పూర్తి కావడానికి 15 నిమిషాలు. కళ్లు తిరుగుతాయేమోనని భయపడక్కర్లేదు, కదులుతున్నట్టే తెలీదు. కాకపోతే బాత్రూంకి వెళ్లొచ్చేసరికి మీ కుర్చీ ఎటో వెళ్లిపోయి ఉంటుంది, వెతుక్కోవాలి. అక్కడ అడగాల్సింది వ్యూ కారే. రై విస్కీ, కోన్యాక్, స్వీట్ వెర్మూత్, కొంచెం బెనెడిక్టిన్ (తియ్యటి మూలికల లిక్కర్), రెండు రకాల బిటర్స్ (చుక్కల్లో వేసే చేదు మూలికల సారం), 1930లలో అదే హోటల్ బార్‌టెండర్ వాల్టర్ బెర్జెరాన్ కలిపిన లెక్క. మెల్లగా తాగే మందు ఇది, రెండు చుట్లు తిరిగేదాకా వస్తుంది. సాయంత్రమైతే సీటు దొరకడం కష్టం, మనుషులు కుర్చీల వెనకే కాపు కాసి నిలబడతారు, అందుకే మధ్యాహ్నమే వెళ్లిపోవాలి.

అక్కణ్నుంచి కెనాల్ స్ట్రీట్ దాటితే రూజ్‌వెల్ట్ హోటల్లో శాజరాక్ బార్. అక్కడ బార్‌టెండర్ చేతుల్ని చూడటమే సగం మజా. బారుకి ఆ పేరిచ్చిన శాజరాక్ కాక్‌టెయిల్‌కి రెండు గ్లాసులు తీస్తారు. ఒకదాన్ని ఐసుతో చల్లబరుస్తూ పక్కన పెట్టి, రెండోదాంట్లో చక్కెర క్యూబుని పెషోడ్స్ బిటర్స్‌తో తడిపి నలిపి, రై విస్కీ, ఐసు వేసి కలుపుతారు. మొదటి గ్లాసులో ఐసు పారబోసి, హెర్బ్‌సెయింట్ అనే సోంపు లిక్కర్ కొన్ని చుక్కలు వేసి గోడలకి అంటేలా తిప్పి అదీ ఒంపేస్తారు, మిగిలేది సోంపు వాసన మాత్రమే. అందులోకి మందు వడకట్టి, పైన నిమ్మతొక్క మెలిపెట్టి ఇస్తారు. ఐసు లేకుండానే వస్తుంది, దయచేసి అడక్కండి. ఆ బిటర్స్ 1830లలో ఇదే ఊళ్లో మందుల షాపు నడిపిన ఆంట్వాన్ పెషోడ్‌ది, శాజరాక్‌ని 2008లో లూసియానా చట్టసభ న్యూ ఓర్లీన్స్ అధికారిక కాక్‌టెయిల్‌గా ప్రకటించింది కూడా. ఇంకో సంగతి, 1949కి ముందు శాజరాక్ బార్లోకి ఆడవాళ్లని మార్డీ గ్రా (ఊరి పెద్ద కార్నివాల్ పండగ) రోజు తప్ప రానిచ్చేవాళ్లు కాదట. ఇప్పుడు ఆ గుంపులో సగం మంది వాళ్లే.

ఇంట్లో గుడ్డు ముట్టనివాళ్లు ఎవరైనా ఉంటే ఒక హెచ్చరిక: అక్కడి రేమోస్ జిన్ ఫిజ్‌లో పచ్చి గుడ్డు తెల్లసొన ఉంటుంది. పైన నురగ చూసి మిల్క్‌షేక్ అనుకుని ఆర్డర్ చేసేయొద్దు.

డబ్బు విషయంలో పాత బార్లు ఓడిపోతాయి, దాచేదేం లేదు. ఒక్కో డ్రింక్ టిప్పుతో కలిపి 20 డాలర్ల దగ్గరికి చేరుతుంది, నలుగురు రెండేసి తాగితే బిల్లు చూసి మత్తు దిగిపోతుంది. బోర్బన్‌లో మాత్రం ఒకటి కొంటే ఇంకొకటి ఫ్రీ అంటూ గుమ్మంలోనే పిలుస్తుంటారు. కానీ అక్కడ చవగ్గా తాగేది ఎక్కువగా మెషీన్లో తిరిగే చక్కెర నీళ్లు, కాబట్టి ఆ పోలికకి నేను పెద్దగా విలువివ్వను. పాత బార్లో ఒక్కటి తాగి లేవండి, లెక్క సరిపోతుంది.

రెండూ వద్దు, బుద్ధిగా కూర్చుని మంచి మందు తాగాలి అనేవాళ్లకి జూవెల్ ఆఫ్ ద సౌత్ ఉంది. 2024లో అమెరికా రెస్టారెంట్లు, బార్లకిచ్చే పెద్ద అవార్డు జేమ్స్ బియర్డ్ వచ్చింది, బ్రాండీ క్రస్టా తాగాలంటే అక్కడే, గ్లాసు అంచుకి చక్కెర, లోపలి గోడ చుట్టూ వెడల్పాటి నిమ్మతొక్క. మందు మాత్రమే లెక్కేస్తే ఇదే గెలుస్తుందేమో, కానీ మొదటిసారి ఆ ఊరెళ్లినవాళ్లకి తిరిగే బార్ వదిలేసి ఇక్కడికి రమ్మని చెప్పడానికి నాకు మనసొప్పదు.

కాబట్టి ఒక్క రోజు ఉంటే నేను వేసే వరస ఇది. కారు హోటల్లోనే వదిలేయండి, ఈ వీధులుండే పాత పేట, ఫ్రెంచ్ క్వార్టర్, అంతా నడకే. మధ్యాహ్నం నెపోలియన్ హౌస్‌లో పిమ్స్ కప్, పేరుకే మందు, దోసకాయ ముక్కతో నిమ్మసోడాలా ఉంటుంది, ఎండలో తిరిగొచ్చినవాళ్లకి అదే కరెక్ట్. అది రెస్టారెంట్ కూడా కాబట్టి పిల్లలున్నా ఇబ్బంది లేదు. మూడింటికి క్యారౌసెల్, ఐదింటికి శాజరాక్, తర్వాత కడుపునిండా తిండి. శాకాహారులు గంబో (మాంసమో, రొయ్యలో వేసే చిక్కటి పులుసు), రెడ్ బీన్స్ చూసి మోసపోవద్దు, రెడ్ బీన్స్‌లో కూడా మామూలుగా పంది మాంసం వేసే వండుతారు, అడిగి తినండి. కఫే డు మాండ్ బెన్యేలు (పంచదార పొడి చల్లిన వేడి వేడి పిండివంట) ఉండనే ఉన్నాయి. చీకటి పడ్డాక బోర్బన్ మీదుగా ఒక అరగంట నడక, చూడటానికి, తాగడానికి కాదు. రాత్రికి ఎస్ప్లనేడ్ దాటి ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్. అక్కడ కాక్‌టెయిల్ జోలికి పోకుండా ఒక బీరు తీసుకుని జాజ్ వినండి. చాలా చోట్ల బ్యాండు వాళ్లు బకెట్ తిప్పుతారు, ఐదు డాలర్ల నోట్లు కొన్ని చిల్లరగా ఉంచుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో, కజిన్సో వెంట ఉంటే వాళ్ల పాస్‌పోర్టు కూడా జేబులో పెట్టుకోండి, గుమ్మం దగ్గర ఆధార్ కార్డు నడవదు.