గణితం పాఠానికి స్క్రాచ్ మేలా, పైథాన్ మేలా?

ఒంగోలు, కావలి ప్రాంతాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించే వారు ప్రోగ్రామింగ్‌ను పాఠంలోకి తేవాలనుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది, తెర మీద ఆదేశాల దిమ్మెలు పేర్చుకుంటూ పోయే స్క్రాచ్‌తో మొదలుపెట్టాలా, ఆదేశాలు టైపు చేసే పైథాన్‌తో మొదలుపెట్టాలా అన్నది. ఎంఐటీ మీడియా ల్యాబ్ స్క్రాచ్‌ను 2007లో విడుదల చేసింది. పైథాన్ 1991 నుంచి ఉంది. రెండూ ఉచితమే, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తాయి. కనుక ఖర్చును పక్కన పెట్టి, విద్యార్థి చేత ఏది ఎక్కువ గణితం చేయిస్తుందో చూడడమే సబబు.

జ్యామితిలో స్క్రాచ్‌ది పైచేయి. సమబాహు త్రిభుజం గీయమంటే తరగతిలో చాలామంది 60 డిగ్రీలు తిప్పమని ఆదేశం ఇస్తారు, త్రిభుజపు కోణం 60 కదా అని. మూడు గీతలు పడ్డాక కూడా బొమ్మ మూసుకోదు. ఆరు గీసేసరికి షడ్భుజి తయారవుతుంది. తిరగవలసింది బాహ్యకోణం, అంటే 120 డిగ్రీలు అన్న సంగతి అప్పుడు వారికే తడుతుంది. పైథాన్‌లో ఆదేశాల ప్రకారం తెర మీద గీతలు గీసే టర్టిల్‌తోనూ ఈ పాఠం చెప్పవచ్చు గాని, ఒక కుండలీకరణం మరిచిపోయినా, వరుస మొదట్లో ఖాళీ తేడా వచ్చినా ప్రోగ్రామ్ ఆగిపోతుంది, పీరియడ్‌లో సగం ఆ తప్పు వెతకడానికే సరిపోతుంది.

అయితే స్క్రాచ్‌కూ ఒక మెలిక ఉంది. అందులో సున్నా డిగ్రీలంటే నిట్టనిలువుగా పైకి, కోణం పెరిగేది గడియారం ముల్లు తిరిగే వైపు. పదో తరగతి విద్యార్థి 30 డిగ్రీల ఊర్ధ్వకోణంతో కుడివైపుకు గీత గీయాలంటే దిశ 60 అని ఇవ్వాలి. టర్టిల్ మాత్రం పాఠ్యపుస్తకం లాగే కుడివైపు నుంచి, అపసవ్య దిశలో కొలుస్తుంది. అలాగని పైథాన్ ఊరుకోదు, తన చిక్కు తాను పెడుతుంది: సైన్ 30 అడిగితే అర అని చెప్పక, ఆ 30ని డిగ్రీలుగా కాక రేడియన్లనే మరో కోణపు కొలతగా తీసుకుని సుమారు -0.988 అంటుంది.

సంఖ్యల దగ్గరికి వస్తే తూకం పైథాన్ వైపు మొగ్గుతుంది. మన జిల్లాల్లో ఇంటింటా తెలిసిన నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీనే తీసుకుందాం. లక్ష రూపాయల అప్పు రెట్టింపు కావడానికి బారువడ్డీ అయితే 50 నెలలు. నెలనెలా వడ్డీ అసలులో కలిసే చక్రవడ్డీ అయితే? కాగితం మీద నేరుగా సాధించాలంటే సంవర్గమానాలు కావాలి. అసలు రెండు లక్షలు దాటేవరకు దానిని 1.02తో గుణిస్తూ పొమ్మని నాలుగు వరుసలు రాస్తే చాలు, 35వ నెలకు సుమారు 1,99,989 రూపాయలు, 36వ నెలకు 2,03,989 రూపాయలు అని తేలుతుంది. 35వ నెలలో 11 రూపాయలు తక్కువైన చోటే తరగతిలో అసలు చర్చ మొదలవుతుంది. ఇదే లెక్కను స్క్రాచ్ కూడా చేస్తుంది, కాని సూత్రం కాస్త పెద్దదైతే దిమ్మెలో దిమ్మె ఇరికి చదవడానికి వీలు కాదు. పైగా 2 ఘాతం 100ను పైథాన్ 31 అంకెలతో పూర్తిగా రాస్తుంది. స్క్రాచ్ కొన్ని అంకెలు చూపి మిగిలినవి కుదించేస్తుంది.

జ్యామితి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా మాటా వస్తుంది. అది చక్కటి సాధనమే, కాని బొమ్మను తానే గీసి పెడుతుంది కనుక విద్యార్థి ఆలోచించవలసింది తగ్గుతుంది.

నా మటుకు ఎనిమిది, తొమ్మిది తరగతుల జ్యామితికి స్క్రాచ్; వడ్డీ, ప్రధాన సంఖ్యలు, సంభావ్యతలకు పైథాన్. ఒక్కటే ఎంచుకోవాలంటే పైథాన్ అంటాను, ఎందుకంటే దాని వరుస నోటుపుస్తకంలో రాసే సమీకరణానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పైథాన్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అన్నది సమీకరణం కాదని, ఎక్స్ విలువను ఒకటి పెంచమనే ఆదేశమని మొదటి రోజే చెప్పాలి. సిస్టమ్‌లు చాలని బడిలో తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద ఉపాధ్యాయుడే నడిపించవచ్చు. రన్ నొక్కక ముందు ప్రతి విద్యార్థీ తన అంచనాను నోటుపుస్తకంలో రాసి ఉండాలన్న నియమం పెడితే సరిపోతుంది.