ఎ-డి స్ట్రిప్స్: ఫిల్ము పులవడాన్ని వాసన కంటే ముందే చెప్పే కాగితాలు

నెగెటివ్ అనగానే దాని మీద ఉన్న బొమ్మ గుర్తుకు వస్తుంది గానీ, ఆ బొమ్మకు ఆధారం ఒక పలుచని ప్లాస్టిక్ పొర అన్న సంగతి చాలామందికి తట్టదు. మన ఊళ్లలోని స్టూడియోలు దశాబ్దాల పాటు వాడిన ఫిల్ములో చాలా భాగం సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినదే. వేడి, తేమ తగిలేకొద్దీ ఆ ప్లాస్టిక్ నుంచి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌కు పులుపునిచ్చే ఆమ్లమే, విడివడుతుంది. అది బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతే ఫిల్ము మరింత త్వరగా చెడిపోతుంది. ఈ ఎసిటేట్‌లోనే ఒక రకమైన సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఫిల్మును ఈస్ట్‌మన్ కొడాక్ 1948లో తీసుకురాగా, అది పాడవుతోందన్న మొదటి సమాచారం పదేళ్లు తిరగకుండానే ఆ కంపెనీకి భారత ప్రభుత్వం నుంచి అందింది. మన ఉక్కపోతకు ఆ ప్లాస్టిక్ ఎంతగా లొంగిపోతుందో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఈ చెడును తొలిదశలోనే పట్టుకోవడానికి అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసినవే ఎ-డి స్ట్రిప్స్. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ వీటికి సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చింది. చూడడానికి ఇవి చిన్న నీలిరంగు కాగితపు ముక్కలు. ఫిల్ము ఉన్న డబ్బాలో ఒక ముక్క వేసి మూతపెట్టి, గది వేడిమిలో ఒక రోజు ఉంచితే, లోపల ఉన్న ఆమ్లాన్ని బట్టి నీలం ఆకుపచ్చగా, ఆ తరువాత పసుపుగా మారుతుంది. ప్యాకెట్‌తో పాటు వచ్చే పెన్సిల్ మీద 0 నుంచి 3 వరకు రంగుల పట్టీలు ఉంటాయి. 0 అయితే ఫిల్ము బాగున్నట్టు, 1 అయితే చెడు మొదలైనట్టు, 1.5 దగ్గర నుంచి అది తనంత తానే వేగం పుంజుకుంటుంది. 3 అయితే ఫిల్ము ముడుచుకుపోయే దశకు చేరినట్టు.

మచిలీపట్నంలో మా నాన్నగారి స్టూడియో నెగెటివ్‌లన్నిటినీ వీటితో పరీక్షించాను. కింది బీరువాలో బట్టర్ పేపర్ కవర్లలో, అట్టపెట్టెల్లో ఉన్నవి దాదాపుగా నీలంగానే మిగిలాయి. అటక మీద బిగుతు మూతల రేకు డబ్బాల్లో భద్రంగా ఉన్నాయనుకున్నవి మాత్రం పసుపు చూపించాయి. అటక వేడి ఒక కారణమైతే, ఆమ్లాన్ని లోపలే బంధించిన ఆ మూతలు మరొక కారణం. ఏ వాసనా తగలని ఒక డబ్బాలో సైతం కాగితం స్పష్టంగా ఆకుపచ్చకు తిరగడం చూశాక, నా దృష్టిలో ఈ వస్తువు విలువ స్థిరపడిపోయింది. పైగా డబ్బాల్లో ముక్కు పెట్టి వాసన చూడడం ఆరోగ్యానికి మంచిది కాదు.

3 చూపించిన డబ్బాలోని ఒక పెళ్లి గ్రూపు నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూశాను. ప్లాస్టిక్ కుంచించుకుపోయినా దాని మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర కుంచించుకోలేదు. అందువల్ల ఆ పొర మడతలు మడతలుగా పైకి లేచి, వధూవరుల ముఖాల మీదుగా గట్లు కట్టింది. అంచుల్లో తెల్లని పొడి పేరుకుంది; ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థమే అలా బయటికి వచ్చేసింది. ఇంతవరకు వచ్చిన నెగెటివ్‌ను ఏ కాగితమూ బాగుచేయదు. దేన్ని ముందుగా స్కాన్ చేయించాలో, దేన్ని చల్లగా, పొడిగా ఉండే చోటికి మార్చాలో వరుస తేల్చడమే దీని పని, ఆ పనిని ఇది నమ్మకంగా చేస్తుంది.

లోపాలు లేకపోలేదు. ట్యూబులైటు కింద 1కి, 1.5కి తేడా కనిపెట్టడం కష్టం. పగటి వెలుతురులో కిటికీ దగ్గరే పోల్చి చూడాలి. అది కీలకమైన దశ కాబట్టి పెన్సిల్ మీద ఆ రెండు రంగుల మధ్య ఇంకొంత తేడా ఉండవలసింది. ఆమ్లం ఉందని చెబుతుందే తప్ప అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కాగితం చెప్పదు. కలర్ నెగెటివ్‌లలో రంగులు వెలిసిపోతున్నా కాగితం నీలంగానే ఉండవచ్చు కనుక, నీలం చూసి నిశ్చింతగా ఉండకూడదు. పాలియెస్టర్ ఫిల్ముకు ఈ జబ్బు రాదు, దాని మీద ముక్క వృథా. కెమెరా పెట్టెల్లో పొడిపొడిగా రాలే పాలియురెథేన్ స్పాంజికీ, జిగురెక్కే పీవీసీ కవర్లకూ ఇది ఉద్దేశించినది కాదు.

దిగుమతి సరుకు కాబట్టి రవాణా, సుంకం కలిసి ఒక ఇంటికి ఖర్చు బరువే. ఇంట్లో ఉన్నవి నాలుగు కవర్లే అయితే పరీక్ష అవసరం లేదు, నేరుగా స్కాన్ చేయించుకోవచ్చు. అటకల నిండా డబ్బాలున్న పాత స్టూడియోల వారు, గ్రంథాలయాల వారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ప్యాకెట్ తెప్పించుకుని పంచుకుంటే గిట్టుబాటవుతుంది. పంచుకున్న ముక్కలను వెలుతురు, గాలి తగలకుండా ఉంచుకోవాలి. వెనిగర్, పచ్చళ్లు ఉండే వంటింటి అలమరాలో మాత్రం పెట్టవద్దు.