జీఐఎస్ (రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల గ్రూపు బీమా పథకం) పేరు చెప్పి ఆఫీసులకు వచ్చే ‘గ్రూపు బీమా’ వారితో జాగ్రత్త

ప్రభుత్వ ఉద్యోగులకు గ్రూపు జీవిత బీమా ఇప్పిస్తామంటూ ఫారాలు పట్టుకుని ఆఫీసులన్నీ చుట్టివచ్చే ఒక సంక్షేమ సంఘం వారిని మీలో చాలామంది చూసే ఉంటారు కనుక వారి పరిచయంతో మీ సమయం తీసుకోను. మా సెక్షన్‌లో అందరితోనూ సంతకాలు పెట్టించుకున్నారు, అందులో నాదీ ఉంది.

“జీఐఎస్‌లో మీకున్న బీమా అరవై వేలే కదా సార్, ఇది దానికి అదనపు యూనిట్ల వంటిది, చట్టప్రకారం ఉద్యోగులందరికీ తప్పనిసరి కాబోతోంది” అన్నారు. ఇందులో మొదటి ముక్క నిజం కావడమే వారి నేర్పు. 1984 నవంబరు 1 నుంచి అమలులో ఉన్న మన జీఐఎస్‌లో నెలనెలా జీతంలోంచి కోసే 15 రూపాయల యూనిట్‌కు 15 వేల రూపాయల బీమా ఉంటుంది, నావి నాలుగు యూనిట్లు. ఆ 15 రూపాయలలో 4.50 బీమా నిధికి, 10.50 పొదుపు నిధికి జమ అవుతాయి కాబట్టి ఉద్యోగ విరమణ నాడు పొదుపు భాగం వడ్డీతో సహా చేతికి వస్తుంది. వీరిదీ అలాంటిదే అనుకున్నాను, అలా అనుకునేటట్లే వారు మాట్లాడారు.

బదిలీ కావడంతో నా జీతంలోంచి వారికి వెళ్లే కోత ఆగిపోయింది. కట్టిన సొమ్ములో పొదుపు ఎంత జమ అయిందో తెలుసుకుందామని వారి కార్యాలయానికి వెళితే, మా ఆఫీసుకు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడిన ఆ పెద్దమనిషే ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, “ఇది గ్రూపు టర్మ్ సార్, పొదుపు ఉండదు. మీరు పోతే మీవాళ్లకు వస్తుంది. భేషుగ్గా ఉన్నారు కదా, ఇంకేం కావాలి?” అన్నాడు. పక్క బల్లల వారు నవ్వారు. నా ఆరోగ్యాన్ని ఇంత ఖరీదుగా అభినందించినవారు ఇంతవరకు లేరు. పోనీ, నా పేరిట బీమా ధ్రువపత్రమైనా ఇవ్వమంటే, “అది మాస్టర్ పాలసీదారుల దగ్గర, అంటే గ్రూపు మొత్తానికి పాలసీ తీసుకున్న మా సంఘం దగ్గర ఉంటుంది, మీరు ఉత్త సభ్యులే” అని కుర్చీ తిప్పుకున్నాడు. రసీదులు తీసి చూస్తే కట్టినదాంట్లో సగానికి పైగా ‘సభ్యత్వ రుసుము’, ‘సేవా రుసుము’ కింద పోయింది. ఇతరుల ఫైళ్లలో కామా తప్పినా కొర్రీ వేసి వెనక్కి పంపే నేను ఆ ఫారం రెండో పేజీ తిప్పలేదు!

టర్మ్ బీమాలో సొమ్ము తిరిగి రాకపోవడం మోసం కాదు, దాని స్వభావమే అది. జీఐఎస్‌తో ముడిపెట్టి అమ్మడం, ప్రీమియం మీద అదనంగా గుంజడం మోసం. కేవలం బీమా కోసమే గ్రూపును ఏర్పాటు చేయకూడదనీ, బీమా సంస్థకు చెల్లించే ప్రీమియం కంటే ఎక్కువ సభ్యుల నుంచి వసూలు చేయకూడదనీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2005లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. ప్రతి సభ్యుడికీ బీమా ధ్రువపత్రం అందాలి. ‘తప్పనిసరి’ అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వులో ఉండాలి గానీ ఏజెంటు నోట కాదు. జీఐఎస్‌కు గానీ ప్రభుత్వ జీవిత బీమా శాఖ పాలసీకి గానీ ఏజెంట్లే ఉండరు.

ఇప్పటికే సంతకం పెట్టినవారు జీతం నుంచి కోత ఆపమని జీతాల బిల్లు పెట్టే అధికారికి (డీడీఓకు) రాతపూర్వకంగా ఇవ్వండి. మాస్టర్ పాలసీ నంబరు అడిగి తీసుకుని, అందులో మీ పేరు ఉన్నదో లేదో నేరుగా బీమా సంస్థనే అడగండి. ఆ సంస్థకు ఫిర్యాదు చేశాక నెల రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) రాయవచ్చు, దానికి రుసుము లేదు. నా ఫిర్యాదు రసీదుల నకళ్లతో సహా బీమా సంస్థకు వెళ్లింది.