మారిన పేజీల లెక్క: డర్టీ బిట్ మేలా, రైట్ ప్రొటెక్ట్ మేలా?

ఏ పేజీ (మెమరీలో ఒక చిన్న ముక్క) మారిందో చెప్పే గుర్తు డర్టీ బిట్‌ను సీపీయూ తానే పెడుతుంటే, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ పేజీల్లో రాయకుండా అడ్డు, అంటే రైట్ ప్రొటెక్షన్, పెట్టి మరీ ఫాల్టులు (రాయబోతే సీపీయూ ఆగి కెర్నెల్‌ను పిలవడం) ఎందుకు కొని తెచ్చుకోవాలి? చెక్‌పాయింట్, స్నాప్‌షాట్ (నడుస్తున్న ప్రోగ్రామ్ స్థితిని ఒక క్షణంలో ఉన్నట్టే భద్రపరచడం) కోడ్ జోలికి వెళ్లిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది.

రాసే వేగం ఒక్కటే చూస్తే డర్టీ బిట్‌కు తిరుగులేదు. ఎక్స్86 సీపీయూల్లో అది పేజీ టేబుల్ (ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక) ఎంట్రీలోని 6వ బిట్. హార్డ్‌వేరే దాన్ని 1 చేస్తుంది, కెర్నెల్‌ను లేపదు. ఖర్చంతా తర్వాత వస్తుంది. 64 జీబీని 4 కేబీ పేజీలుగా మ్యాప్ చేస్తే సుమారు 1.68 కోట్ల ఎంట్రీలు, అంటే 128 ఎంబీ పేజీ టేబుళ్లు తిరగేయాలి. పది పేజీలే మారినా అంతే. పైగా బిట్ చెరిపి టీఎల్‌బీ (పేజీ టేబుల్ ఎంట్రీలను సీపీయూ తన దగ్గర దాచుకునే క్యాష్) ఫ్లష్ చేయడం మరిచిపోతే, తర్వాతి రాతలు పేజీ టేబుల్‌కు ఎక్కకుండానే పోవచ్చు. అలాంటి బగ్ వెతకడం మహా టెన్షన్.

అయినా నా తీర్పు ఈ లెక్కల మీద ఆధారపడదు. కెర్నెల్‌కు కబురు ఎప్పుడు అందుతుందన్నదే అసలు సంగతి. డర్టీ బిట్ రాసేశాక చెబుతుంది. రైట్ ప్రొటెక్ట్ ఫాల్ట్ రాయబోయే ముందే చెబుతుంది, అదీ రాసేవాణ్ని ఆపి. లినక్స్ 2.6.19కి (2006) ముందు షేర్డ్ ఎమ్‌మ్యాప్ (ఫైల్‌ను మెమరీలా చూపే సిస్టమ్ కాల్) ద్వారా ఫైల్ పేజీల్లో ఎంత రాసినా కెర్నెల్‌కు వెంటనే తెలిసేది కాదు. ర్యామ్‌లో చాలా భాగం డర్టీ (మారినా ఇంకా డిస్క్‌కు చేరనిది) అయిపోయాక బయటపడేది. ఆ వెర్షన్ నుంచి ఈ పేజీలను ముందు రీడ్ ఓన్లీగా ఉంచుతున్నారు. మొదటి రాతకే ఫాల్ట్ వస్తుంది, పేజీ డర్టీ లెక్కలో చేరుతుంది, హద్దు దాటితే ఆ ప్రాసెస్‌కు బ్రేకు పడుతుంది. స్నాప్‌షాట్‌కైతే పాత కాపీ తీసుకునే అవకాశం ఆ క్షణంలోనే ఉంటుంది, దాటితే లేదు.

ఫాల్టుకూ ఖర్చుంది. కాకపోతే మళ్లీ ప్రొటెక్ట్ చేసేదాకా పేజీకి ఒక్కసారే. ప్రతి రౌండులో మెమరీ మొత్తం తిరగరాసే ప్రోగ్రామైతే మాత్రం నేనూ డర్టీ బిట్ వైపే.

మారిన పేజీలను ప్రోగ్రాములకు చూపే సాఫ్ట్ డర్టీ (లినక్స్ 3.11, 2013) పేరు చూసి మోసపోకండి, లోపల ఉన్నది రైట్ ప్రొటెక్షనే. ఫాల్టు ఖర్చూ, స్కాన్ ఖర్చూ రెండూ మీవే. కొత్త కోడ్‌కు ఫాల్టులను ప్రోగ్రామే అందుకోనిచ్చే యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ రైట్ ప్రొటెక్ట్ (లినక్స్ 5.7, 2020) చూడండి. వర్చువల్ మెషీన్లకు ఇంటెల్ పీఎమ్ఎల్ (మారిన పేజీల చిట్టాను సీపీయూయే రాసే సదుపాయం) ఉంది: 512 ఎంట్రీల లాగ్ నిండాకే హైపర్‌వైజర్‌ను (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) పిలుస్తుంది. బాగుంటుంది, కానీ అదీ రాసేశాక చెప్పే రకమే. ఎమ్‌ప్రొటెక్ట్ (పేజీ అనుమతులు మార్చే సిస్టమ్ కాల్) పెట్టి, ఫాల్ట్ వచ్చినప్పుడు కెర్నెల్ పంపే సిగ్నల్ పట్టుకునే పద్ధతి వద్దు. ఆ బఫర్‌ను రీడ్ లాంటి సిస్టమ్ కాల్‌కు ఇస్తే సిగ్నల్ రాదు, ఈఫాల్ట్ (అడ్రస్ చెల్లదనే) ఎర్రర్ వస్తుంది.

ఏది ఎంచుకున్నా పేజీ సైజు చూసుకోండి. 2 ఎంబీ పేజీలో ఒక్క బైటు మారినా 512 చిన్న పేజీలు మారినట్టే లెక్క. డర్టీ లాగింగ్ (మారిన పేజీల నమోదు) ఆన్ చేశాక కేవీఎమ్ (లినక్స్‌లోని హైపర్‌వైజర్) పెద్ద పేజీలను ముక్కలు చేసేది అందుకే.