5 ప్లై అన్న మాట నమ్మి మామిడి పెట్టెలు కొనకండి

సీజన్ మొదలయ్యే ముందు వాట్సాప్‌లో బంగారు రంగు అట్టపెట్టెల ఫొటోలు పంపి అడ్వాన్సు అడిగే ఆ సప్లయర్ ఎవరో, బస్సు కార్గోలో కాయ పంపే వాళ్లలో చాలామందికి తెలుసు. చూపించిన శాంపిల్ ఒకటి, దించిన లోడు ఇంకొకటి. ఆరు వరసలు పేర్చిన చోట అడుగు పెట్టెలు కుంగిపోయి బంగినపల్లి కాయ మొత్తం కమిలింది.

నష్టం కన్నా ఎక్కువ మండించింది ఫోన్‌లో అతనన్న మాట. "5 ప్లై అన్నాం, 5 ప్లై ఇచ్చాం. కావాలంటే పొరలు లెక్కపెట్టుకోండి." లెక్కపెడితే అయిదే ఉన్నాయి, మూడు సాదావి, వాటి మధ్య రెండు ముడతవి. మోసమంతా అక్కడే ఉంది. బిల్లు మీద "5 ప్లై బాక్స్" అని తప్ప కాగితం బరువు, బలం గురించి ఒక్క ముక్క లేదు. నోటితో ఒప్పుకున్నది మాత్రం ప్రతి సాదా పొరా 150 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు), మధ్యలో ముడతల కాగితం 120, అన్నీ 20 బీఎఫ్ (బర్స్ట్ ఫ్యాక్టర్, అంటే ఒత్తిడికి కాగితం ఎంతవరకు పగలకుండా ఆగుతుందో చెప్పే అంకె).

ఆ లెక్క ఎలా పట్టుకోవాలో చెబుతాను. పెట్టె గోడ నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాముల్ని వందతో గుణిస్తే అట్ట మొత్తం జీఎస్ఎం. సాదా పొరలు మూడు కలిపి 450. ముడత పెట్టినప్పుడు కాగితం దాదాపు 1.4 రెట్లు పడుతుంది కాబట్టి ఆ రెండు పొరలకు 336. గమ్ కలుపుకుంటే ముక్క 8 గ్రాములు తూగాలి. ఈ లోడులో తూగింది 6. అంటే అన్ని పొరలూ 100 జీఎస్ఎం దగ్గరే. 38×28×18 సెంటీమీటర్ల పెట్టె అర కిలో ఉండాల్సింది 375 గ్రాములకు దిగుతుంది.

బలం ఇంకా ఎక్కువ పడిపోతుంది. జీఎస్ఎంని బీఎఫ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే ఒక పొర పగుళ్ల బలం వస్తుంది. సాదా పొరలకు పూర్తిగా, ముడత పొరలకు సగం లెక్కేస్తారు. ఒప్పుకున్న కాగితానికి చదరపు సెంటీమీటరుకు 11.4 కిలోలు. అదే 100 జీఎస్ఎం, 16 బీఎఫ్ కాగితమైతే 6.4. ఆరు వరసలు పేరిస్తే అడుగు పెట్టె మీద పడే బరువే 50 కిలోలు దాటుతుంది. మాగుతున్న కాయ వేడినీ చెమ్మనీ వదులుతుంది, అట్ట ఆ చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, పిండి గమ్ విడిపోతుంది. అందుకే ఉన్న బరువుకు నాలుగైదు రెట్లు మోసే పెట్టె కావాలి.

ఇంకో పాపం కూడా చేశారు. కొన్ని పెట్టెల్లో ముడతలు నిలువుగా కాకుండా అడ్డంగా వేశారు, షీటు మిగులుతుందని. మూత రెక్క బయటి అంచు చూడండి, అలలు కనబడాలి. అక్కడ సాదా గీతలే ఉంటే ముడత అడ్డం తిరిగినట్టే, ఆ పెట్టె పేర్చడానికి పనికిరాదు. గాలి కన్నాలు మూలలకు ఆనుకుని కొట్టారు, బరువులో ఎక్కువ భాగం మోసేదే మూలలు! రంగు చూసి కూడా మోసపోకండి. తడి తెల్లగుడ్డతో రుద్దితే పసుపు దిగింది. అంటే కాగితానికి రంగేశారన్నమాట.

లోడు దించక ముందే వేర్వేరు కట్టల నుంచి పది పెట్టెలు తీసి తూచండి. పొర పొరకూ జీఎస్ఎం, బీఎఫ్, పెట్టె బరువు గ్రాముల్లో బిల్లు మీదే రాయించండి, తేడా వస్తే వాపసు అని కూడా. శాంపిల్ పెట్టె మీద అతని సంతకం, తేదీ పెట్టించి మీ దగ్గరే ఉంచుకోండి. రాయనంటే అడ్వాన్సు ఇవ్వకండి.