వాషింగ్టన్‌లో బ్రిటిష్ రాయబారి: శాఖలో తలపండినవారు మేలా, ప్రధాని మనిషి మేలా?

అమెరికాలో బ్రిటన్ రాయబారిగా విదేశాంగ శాఖలో జీవితకాలం పనిచేసిన ఉద్యోగిని పంపడం మేలా, ప్రధానికి ఆప్తుడైన బయటి వ్యక్తిని పంపడం మేలా అన్నది తేల్చుకోవడానికి, అక్కడ ఒకరి తరువాత ఒకరు పనిచేసిన పీటర్ జే, సర్ నికొలస్ హెండర్సన్‌లను పోల్చి చూడడం ఉపయోగపడుతుంది.

పీటర్ జే పాత్రికేయుడు, ప్రధాని జేమ్స్ కాలహన్‌కు అల్లుడు. 1977లో నలభై ఏళ్ల వయసులో, దౌత్యానుభవం లేకుండానే ఆయన రాయబారి కావడంతో బంధుప్రీతి అన్న విమర్శ చెలరేగింది. ఆ విమర్శ సహేతుకమే అయినా, రాయబారి మాట ప్రధాని మనసుకు దగ్గరగా ఉంటుందన్న నమ్మకం అవతలి ప్రభుత్వానికి కలగడం కూడా తక్కువ ప్రయోజనం కాదు. కాకపోతే ఆ బలం కాలహన్ పదవిని అంటిపెట్టుకున్నది. 1979 మే ఎన్నికల్లో ఆయన ఓడిపోవడంతో జే పదవీకాలమూ ముగిసింది.

హెండర్సన్ దారి వేరు. యువకుడిగా విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ కార్యాలయంలో పనిచేసిన ఆయన, తరువాత వార్సా, పశ్చిమ జర్మనీ రాజధాని బాన్, పారిస్‌లలో రాయబారిగా ఉండి 1979లో అరవయ్యో ఏట పదవీ విరమణకు సిద్ధమయ్యారు. వెళ్తూ రాసిన వీడ్కోలు నివేదికలో, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల కంటే బ్రిటన్ ఆర్థికంగా ఎంత వెనుకబడిందో, దానివల్ల దౌత్యంలో దాని మాటకు విలువ ఎలా తగ్గిందో దాపరికం లేకుండా చెప్పారు. అది ఎకానమిస్ట్ పత్రికకు చేరి అచ్చయింది. కొత్త ప్రధాని మార్గరెట్ థాచర్ వాషింగ్టన్ రాయబారి పదవిని మొదట మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్‌కు ఇవ్వజూపి, ఆయన కాదన్నాక హెండర్సన్‌ను తిరిగి పిలిపించారు.

1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా బ్రిటన్ పాలనలోని ఫాక్లండ్ దీవులను ఆక్రమించినప్పుడు ఆ ఎంపిక విలువ తెలిసింది. అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ మధ్యవర్తిత్వం నెరపుతుండగా, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి జీన్ కర్క్‌పాట్రిక్ వంటివారు లాటిన్ అమెరికాతో సంబంధాలు చెడకూడదని వాదిస్తుండగా, హెండర్సన్ సెనేటర్లను కలుస్తూ, టెలివిజన్‌లో పదేపదే కనిపిస్తూ బ్రిటన్ వాదాన్ని అమెరికన్ల ముందుంచారు. ఏప్రిల్ 30న అమెరికా బాహాటంగా బ్రిటన్ పక్షం వహించింది. ఆ ఘనత ఆయన ఒక్కరిదే అనలేము గానీ, అలాంటి వారాలలో ఎవరిని ఎప్పుడు కలవాలో, ఏ మాట ఎక్కడ ఆపాలో తెలియాలంటే దశాబ్దాల సాధన కావాలి.

బయటివారంతా విఫలులు అనడం మాత్రం అన్యాయం. జాన్ ఫ్రీమన్ రాజకీయాల నుంచి పత్రికారంగానికి, అక్కడి నుంచి దౌత్యానికి వచ్చినవారు. సంపాదకుడిగా నిక్సన్‌ను ఘాటుగా విమర్శించినప్పటికీ, 1969లో వాషింగ్టన్ చేరాక ఆయన గౌరవం సంపాదించుకోగలిగారు. అయితే ఆయన అంతకుముందే ఢిల్లీలో హైకమిషనర్‌గా, 1965 యుద్ధ సమయంలో బ్రిటన్ వైఖరి భారత్‌కు ఆగ్రహం తెప్పించిన రోజులను కూడా చూసివచ్చారు.

అందుకే నా మొగ్గు అనుభవం వైపే. 1982లో హెండర్సన్ వెళ్లిపోయాక థాచర్ ఆయన స్థానంలో పంపిన ఆలివర్ రైట్ కూడా బాన్‌లో రాయబారిగా పనిచేసి, పదవీ విరమణ చేసిన దౌత్యవేత్తే.