గడువు పెట్టాలా, వదిలేయాలా, చేసిపెట్టడం మానాలా?

'ఇరవై మూడేళ్లొచ్చాయి. చదువైపోయింది. గది దాటి బయటికి రాడు. గట్టిగా అడగాలా, వాడి మానాన వదిలేయాలా?' తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. కూతురైనా జవాబు మారదు. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది: వాడి పనులు మీరు చేసిపెట్టడం మానడం. నా మొగ్గు దానివైపే.

ముందొకటి తేల్చుకోండి. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి దెబ్బతిని, ఇష్టమైన వాటిమీదా ఆసక్తి పోతే అది డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుడికి చూపించండి. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

'మూడు నెలల్లో ఉద్యోగం, లేదంటే బయటికి' అనే గడువు, ఏం చేయాలో తెలిసీ వాయిదా వేసేవాడికి పనిచేస్తుంది. భయంతో ఆగిపోయినవాడికి భయం రెట్టింపవుతుంది. పైగా ఉద్యోగం రావడం వాడి చేతిలో లేదు, వారానికి మూడు అప్లికేషన్లు పంపడం ఉంది. గడువు పెట్టాలనుకుంటే దానికే పెట్టండి. ఆ రోజు వచ్చాక అన్నంత పనీ చేయలేమనిపిస్తే అసలు పెట్టొద్దు. ఒకసారి మాట తప్పితే తర్వాత మీరేం చెప్పినా లెక్కచేయడు.

పరీక్ష పోయాకో, ఉద్యోగం ఊడాకో నాలుగైదు వారాలు వదిలేయడం మంచిదే. కానీ ఎప్పటిదాకా అన్నది మొదటే చెప్పండి. తేదీ లేకపోతే పగలు రాత్రవుతుంది, స్నేహితులు దూరమవుతారు. తప్పించుకున్న ప్రతిసారీ కాస్త ఊరట దొరుకుతుంది, ఆ ఊరటే మర్నాడూ తప్పించుకునేలా చేస్తుంది.

నా దృష్టిలో అసలు విషయం, వాడి పనుల్లో మీరు చేసిపెడుతున్నవి ఎన్ని అన్నది. వారం పాటు ఏమీ అనకుండా రాసుకోండి: లేపడం, గదికి భోజనం పంపడం, అప్లికేషన్లు నింపడం, ఫోన్ బిల్లు కట్టడం, బంధువులకు వాడి తరఫున జవాబు చెప్పడం. అందులోంచి ఒక్కటే ఎంచుకోండి, పూర్తిగా మీ చేతిలో ఉన్నది. 'నువ్వు ఎనిమిదింటికి లేవాలి' అంటే అది వాడి చేతిలో ఉంది. 'రేపటి నుంచి నేను లేపను' అంటే మీ చేతిలో ఉంది. ఈ తేడా దగ్గరే చాలామంది తడబడతారు.

ఎంచుకున్నదాన్ని కాగితం మీద రాసివ్వండి, నోటితో చెబితే వాదన అవుతుంది. 'నీకెంత కష్టంగా ఉందో మాకు తెలుస్తోంది. దాన్ని నువ్వు తట్టుకోగలవని మా నమ్మకం. ఇన్నాళ్లూ నీ అప్లికేషన్లు మేమే నింపాం. సోమవారం నుంచి నింపం. పక్కన కూర్చోమంటే కూర్చుంటాం.' ఇంత చాలు. మొదటి రెండు వాక్యాలు తీసేస్తే అది శిక్షలా వినిపిస్తుంది.

మొదటి రోజుల్లో అరుపులు, అలకలు పెరుగుతాయి. పద్ధతి పనిచేయట్లేదనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. అప్పుడు లొంగితే ఇంకాస్త గట్టిగా అరిస్తే చాలని నేర్పినట్టే. మూడు వారాలు నిలబడ్డాకే రెండోదాని జోలికి వెళ్లండి. ఒకేసారి మూడు మానేస్తే మీరే నిలబడలేరు.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన 'స్పేస్' చికిత్స సాగేది ఇలాగే. పిల్లలు రాకపోయినా, తల్లిదండ్రులే వచ్చి తమ తీరు మార్చుకుంటారు. ఆందోళనతో ఉన్న పిల్లల కోసం మొదలైన ఈ పద్ధతిని ఇల్లు కదలని యువతకూ వాడారు. 'మావాడు కౌన్సెలింగ్‌కి రాడు' అనేవాళ్లకు ఇది పెద్ద ఆసరా.

ఇంకో కోర్సు చేస్తానంటే? అది చదివి రోజంతా చేసే పనేమిటో వాడే చెప్పగలిగితే ఫీజు కట్టండి. బంధువుల ఇంటికి పంపితే చేసిపెట్టే చేతులు మారతాయంతే.

ఏదైనా ఆపే ముందు ఇంట్లో పెద్దలిద్దరూ ఒక మాట మీదుండాలి. ఒకరు ఆపిన డబ్బు రెండోవారు చాటుగా ఇస్తే వారంలో అంతా మొదటికొస్తుంది. అలా ఇవ్వాలనిపించే పెద్దవారినే ఏది ఆపాలో ఎంచుకోమనండి, చిన్నదైనా పర్లేదు.